లేబులు మావయ్య

“మళ్లీ తయారయ్యాడు,” అనుకున్నాడు బస్సు డ్రైవరు, మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంటూనే.

భోజనాల బల్ల చివర కుర్చీలో ఇంటావిడ తమ్ముడు వచ్చి కూర్చున్నాడు. వదులు చొక్కా, ముక్కు చివరికి జారిన కళ్లజోడు. ఆహారపదార్థాలు పరీక్షించే ల్యాబులో ముప్ఫయ్యేళ్లు పనిచేశాడట. ఉద్యోగం వదిలింది గాని ఆ బుద్ధి వదల్లేదు. ఆ ఇంట్లో అద్దెకుండే వాళ్లంతా ఆయన్ని లేబులు మావయ్య అంటారు, ఆయనకి వినపడేలాగే.

“ఆ రొట్టె ప్యాకెట్ ఇలా జరుపు,” అన్నాడు.

పక్క గది టైలరమ్మ జరిపింది. ముందు దాని మూతి విప్పి వాసన చూశాడు. చాలాసేపు చూశాడు. ఆ తర్వాత చదవడం మొదలెట్టాడు.

“గోధుమ రొట్టెట! పైన ఇంతేసి అక్షరాలు, కంకి బొమ్మ. వెనక తిప్పి చూడండి. ఏది ఎక్కువ పోస్తే దాని పేరు ముందు రాయాలి. మొదటిది మైదా. రెండోది చక్కెర. గోధుమపిండి ఎక్కడో నాలుగోది. మరి ఈ రంగెక్కడిది? మాడ్చిన చక్కెరది! రంగేసి అమ్ముతున్నారు, కొనే వెధవలున్నారు కదాని.”

“ఆ వెధవలం మేమే కదా మావయ్యగారూ,” అని నవ్వింది టైలరమ్మ.

“ఒప్పుకున్నావు. సంతోషం.”

డ్రైవరు నవ్వలేదు. తెల్లారకుండా స్టీరింగ్ పట్టుకున్నవాడికి మధ్యాహ్నం పళ్లెం ముందు ఈ పాఠాలేమిటి? జామ్ సీసా తీస్తే, “అందులో పండు వెతుక్కోవాలోయ్.” బిస్కెట్లు తింటే, “కొవ్వు, చక్కెర లెక్కలన్నీ రెండు బిస్కెట్లకి రాశాడు. నువ్వు తిన్నవి పదకొండు.” పళ్లరసం తాగితే, “చక్కెర కలపలేదంటే చక్కెర లేదని కాదు నాయనా.”

పోనీ తనైనా ఏం తింటాడో చూద్దామంటే, ఆ బల్ల దగ్గర మెతుకు ముట్టడు. వాళ్లతో కలిసి తింటే హోదా తగ్గుతుంది కాబోలు. అందరూ చేతులు కడుక్కున్నాక ఇంటావిడ ఏదో మూతపెట్టి తమ్ముడి గదిలోకి తీసుకెళ్లి తలుపేసుకుంటుంది.

“మనకి అట్టముక్కల్లాంటి రొట్టెలు, తమ్ముడికి గదిలో విందు,” అనేవాడు డ్రైవరు మెట్లెక్కుతూ. “లోపల ఏం మేస్తాడో గాని, బయటికొచ్చి మన తిండిని తిట్టిపోస్తాడు.”

ఒకరోజు డిపోలో డ్రైవర్ని పిలిచి, పదేళ్లు ఒక్క ప్రమాదమూ చేయలేదని అందరి ముందూ చప్పట్లు కొట్టించారు. ఆ హుషారులో దార్లో మంచి రకం చేపల డబ్బా కొన్నాడు. ఇంటికొచ్చి బల్ల మీద పెట్టి, మూత కోయబోయాడు.

“ఆగు,” అన్నాడు లేబులు మావయ్య. డబ్బా లాక్కుని మూత మీద బొటనవేలితో నొక్కాడు. “ఉబ్బింది.”

“దెబ్బ తగిలుంటుంది లెండి.”

“దెబ్బ తగిలితే సొట్టపడుతుంది. ఇది లోపల్నుంచి పొంగింది. లోపల క్రిములు చేరి గ్యాసు పుట్టిస్తున్నాయి. నాలిక్కి రాసుకున్నా ఆస్పత్రే.”

“తేదీ చూడండి. ఇంకా రెండేళ్లుంది!”

“తేదీ చదవడం నీకొచ్చు. క్రిములకి రాదుగా.”

డ్రైవరు చెయ్యి చాపేలోపే ఆయన లేచాడు. డబ్బాని సంచిలో చుట్టి, గట్టిగా ముడేసి, వీధి చివరి చెత్తకుండీలో పడేసి వచ్చాడు. చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కుని మళ్లీ అదే కుర్చీలో కూర్చున్నాడు.

“ఉడికించిన గుడ్లున్నాయి. వేడిగా ఉన్నప్పుడే తిను,” అన్నాడు. “పైన మిరియాలు చల్లుకో. బావుంటుంది.”

డ్రైవరు పళ్లెం తోసేసి లేచాడు.

“పదేళ్లకి నన్నొకడు మెచ్చుకున్నాడు. ఇష్టమైంది ఒక్కటి కొనుక్కున్నాను. అది కూడా నోట్లో పడనివ్వరా? అసలు తిండంటే మీకెందుకండీ ఇంత కడుపుమంట? ఒక్కరోజు మాతో ఒక్క ముద్ద తిన్నారా? మా నోళ్ల వంక చూస్తూ కూర్చోవడం తప్ప!”

టైలరమ్మ తల దించుకుంది. లేబులు మావయ్య కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. “చెత్త తినే అలవాటు నాకు లేదు,” అని తన గదిలోకి వెళ్లిపోయాడు.

డ్రైవరు విసవిసా వంటింట్లోకి నడిచాడు. ఇంటావిడ అక్కడే గిన్నెలు తోముతోంది. అంతా వినే ఉంటుంది.

“పిన్నిగారూ, ఒకటే మాట. రేపట్నుంచి భోజనాల వేళ మీ తమ్ముడు ఆ కుర్చీలో కనపడకూడదు. కనపడితే నేను గది ఖాళీ చేస్తాను. మిగతావాళ్లు కూడా చేస్తారు.”

ఆవిడ కుళాయి కట్టేసింది. తడిచేతులు తువ్వాలుకి తుడుచుకుంది.

“రావద్దని చెప్తాలే నాయనా,” అంది. “అన్నం దిగే దారి మూసుకుపోయి డాక్టర్లు పొట్టకి గొట్టం వేసిన ఈ నాలుగేళ్లలో వాడు ఒక్క మెతుకు మింగి ఎరగడు, కాస్త వాసనైనా చూస్తాడని ఆ కుర్చీ నేనే వేశాను.”