లేవని చేయి

"ఆమె బల్ల దగ్గరికొస్తే నేను రాను! మా ఇద్దరిట్ల ఎవరు కావాల్నో మీరే తేల్చుండ్రి అయ్యగారూ!"

సువార్తమ్మ అరుపుకు చర్చి కిటికీలో పావురాలు లేచిపోయాయి. ప్రభువు బల్ల మీద తెల్లగుడ్డ కింద రొట్టె, ద్రాక్షరసం అలాగే ఉన్నాయి. వరుసలో నిలబడ్డవాళ్ళు ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు.

"జర నిమ్మళం, సువార్తమ్మా," అన్నాడు పాస్టరు కృపానందం.

"ఏం నిమ్మళం? బాప్తిస్మం తీసుకొని రెండేండ్లన్న కాలే. మేడారం జాతరకు నెత్తి మీద బెల్లం మోసుకపోయి అమ్మవార్ల గద్దె కాడ పెట్టొచ్చింది. ఆ నెత్తి మీదనే ముసుగేసుకొని ఇయ్యాల రొట్టె తినొచ్చింది. యాకమ్మ కండ్లార చూసింది, అడుగుండ్రి!"

"నువ్వెందుకు పోయినవే యాకమ్మా జాతరకు?" అని వెనక నుంచి ఎవరో అడిగారు.

"పల్లీలు అమ్మనీకి పోయిన. మొక్కనీకి కాదు," అంది యాకమ్మ గబుక్కున.

ఎవరో కిసుక్కుమన్నారు. సువార్తమ్మ చూపుతో ఆ నవ్వు అక్కడే ఆగిపోయింది.

మొగిలమ్మ తల వంచుకుని నిలబడి ఉంది. చర్చి ఊడ్చేది, బెంచీలు తుడిచేది ఆమే. తన బతుకులో ఆమె మొదటిసారిగా అందరితో వరుసలో నిలబడింది ఈ బల్ల దగ్గరే.

"నిజమేనా మొగిలమ్మా?" అడిగాడు పాస్టరు.

"నిజమే అయ్యగారూ. మోసిన."

"ఎవరి కోసం?"

మొగిలమ్మ ముసుగు ఇంకాస్త ముందుకు లాక్కుంది.

"ఇంకెవరి కోసం? రిక్షా తొక్కే కొడుకున్నడు గద, తాగి ఏడనో పడ్డడేమో!" సువార్తమ్మకు ఊపిరి ఆడనంత కోపం వచ్చింది. "నాకు లేడా కొడుకు? మా సామేలు జరంతోటి ఇరవై దినాలు దవాఖానల పడుంటే నేను మొక్కిన్నా? మా అమ్మ నెక్కొండ నుంచొచ్చి కాళ్ళు పట్టుకున్నది, ఒక్క మొక్కు మొక్కవే బిడ్డా అని. పోరడు పోతే పోనీ గని మొక్కనన్న! ఉపాసముండి ఏడ్చిన. ఇగో, మొన్ననే మా ఆయన కిరాణం కొట్టుల కాంటా మీద కూసోబెట్టి తూపిచ్చిండు. పదకొండు కిలోలున్నడు. ప్రార్థన చేస్తె వచ్చిన పదకొండు కిలోలు!"

"సువార్తా, ఇగ చాలు," అన్నాడు సంఘ పెద్దల బెంచీ మీద కూర్చున్న ఆమె భర్త ఇమ్మానుయేలు. "ఒప్పుకున్నది గద. ఇడిసిపెట్టు."

"నువ్వు సప్పుడు జేయకు! పెద్దమనిషివై నువ్వు అడగాల్సింది నేను అడుగుతున్న."

ఇమ్మానుయేలు బల్ల వైపు తల తిప్పుకున్నాడు.

ఆ సంఘంలో ఒక కట్టుబాటు ఉంది. తప్పు ఒప్పుకున్నవాళ్ళను క్షమించాలంటే అందరూ చేతులెత్తాలి. ఒక్క చెయ్యి లేవకపోయినా ఆ మనిషికి ఏడాది పాటు బల్ల లేదు. వెనక గోడ పక్కన విడిగా వేసిన బెంచీ మీదే కూర్చోవాలి.

"ప్రభువు మనల్ని లెక్కపెట్టకుండా క్షమించాడు," అన్నాడు పాస్టరు. "మొగిలమ్మను క్షమించేవాళ్ళు చేతులెత్తండి."

ఒకటొకటిగా చేతులు లేచాయి. గాజులున్నవీ, మిల్లులో కాయలు కాసినవీ. కాస్త ఆలస్యంగా యాకమ్మదీ లేచింది.

సువార్తమ్మ రెండు చేతులూ కట్టుకుని నిలబడింది. పెద్దల బెంచీ వైపు చూసింది. ఇమ్మానుయేలు చెయ్యి కూడా లేవలేదు. ఆమెకు గుండె నిండినట్టయింది. నోటితో ఏమన్నా, ఎంతైనా తన మనిషి.

"సువార్తమ్మా, నీ చెయ్యి?"

"లేవది! నా బిడ్డ పోయినా మంచిదే అనుకొని నేను నిలబడితే, ఈమె జాతరకు పోయొచ్చి నా పక్కన నిలబడాల్నా? ఇద్దరికీ ఒక్కటే రొట్టెనా? గిదేనా మీ ప్రభువు న్యాయం?"

"నన్ను ఎనక బెంచీల కూసోబెట్టుండ్రి అయ్యగారూ," అంది మొగిలమ్మ మెల్లగా. "అక్కను ఏమనకుండ్రి. నేను ఊడ్సుకుంట ఆడనే ఉంట."

ఆ మాట సువార్తమ్మను ఇంకా మండించింది. "మంచితనం చూపకు! చిటికెడు బెల్లం పెట్టొచ్చిన్నని ఒప్పుకొని తప్పించుకుందామనుకున్నవా? ఎంత మోసినవో చెప్పు సంఘం ముందల!"

మొగిలమ్మ మొదటిసారి బెదిరింది. "వద్దక్కా. గది అడగకు."

"చెప్పు!"

"నేను చెప్త," అంది యాకమ్మ. "వాగు కాడ మూట దించనీకి నేనే చెయ్యేసిన. గింత బరువేందే అంటే పదకొండు కిలోలన్నది. గద్దె కాడ పోరలు ఎంత తూగితె అంత బెల్లం గద ఇచ్చేది." ఆగి మొగిలమ్మ వైపు తిరిగింది. "అవునే మొగిలీ, నీ కొడుకు అరవై కిలోలుంటడు. గా పదకొండు కిలోల పోరడు ఎవడే?"

ముందు వరుసలో సామేలు కాళ్ళు ఊపుతూ కూర్చుని ఉన్నాడు. సువార్తమ్మ వాడి వైపు తిరిగింది.

ఇమ్మానుయేలు పెద్దల బెంచీ మీద నుంచి లేచాడు. ఎవరి వైపూ చూడకుండా నడిచి, వెనక గోడ పక్కన ఉన్న బెంచీ మీద కూర్చున్నాడు.

"ఆమె మోసిందంతే," అన్నాడు. "మొక్కింది నేను."