అక్క కట్టిన చీర

ఉన్ని పట్టించి శాలువాలు చెయ్యడానికి కొన్న పాత పట్టుచీరల మూట విప్పగానే నా కుట్టు కనిపించింది. నీలం దారం అయిపోతే సగం ఫాల్ నల్లదారంతో కుట్టి, అక్కకి పెట్టిన చీర అది.

అక్కతో మాటల్లేక ఏళ్లయింది. అయినా ఉండబట్టలేక ఫోన్ చేశాను.

"ఆ నీలం చీరా? కట్టి కట్టి చివికిపోయిందే. మొన్ననే పాతబట్టలవాడికి ఇచ్చేశా," అంది.

ఆ మాటతో నా కడుపు నిండిపోయింది. ఈ శాలువా నాకే అనుకుని, చీర మీద ఉన్ని పరిచి, సబ్బునీళ్లు చల్లి రుద్దాను. కట్టీ ఉతికీ వదులైన నేతలోకి ఉన్ని ఇట్టే దిగిపోతుంది. కట్టని పట్టులోకి దిగనే దిగదు.

సాయంత్రం దాకా రుద్ది చెయ్యి ఎత్తితే, ఉన్ని మొత్తం అరచేతికే అంటుకుని వచ్చేసింది.

ఇంకాస్త గట్టిగా రుద్దితే దిగుతుందేమోనని మళ్లీ పరిచాను.