ఘాటు దిగడానికి ఒకటే దోవ

"సాక్షులెవురూ రారు గదా సామీ?"

పొద్దుటి నుంచి చెంగమ్మ ఈ మాట ఎన్నిసార్లు అడిగిందో. లాయరు కృష్ణమూర్తి విసుక్కోలేదు. ఆయనదీ చిత్తూరు జిల్లాయే. హైకోర్టు ఇంకా హైదరాబాదులోనే ఉన్న రోజులవి. అక్కడికి వచ్చి స్థిరపడ్డా ఆయన మాట మారలేదు.

"ఇది హైకోర్టమ్మా. ఇట్లాంటి కేసులకు ఈడ సాక్షుల్ని పిలవరు. కింద విచారణ సరిగ్గా జరిగిందా లేదా, కాయితాలు చూసి తేలుస్తారు. అంతే."

చెంగమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. పక్కనున్న కొడుకు ఆదికేశవులు నవ్వాడు.

"మాయమ్మ అంతే సార్. తుంగభద్ర దాటేదాకా రైల్లో కండ్లు తెరవలా. బ్రిడ్జి కూలిపోతాదంట."

ఆదికేశవులు బస్సు డ్రైవరు. తిరుపతి నుంచి మదనపల్లెకు, భాకరాపేట ఘాటు రోడ్డు మీదుగా తోలేవాడు. కల్లు వాసన కూడా గిట్టని మనిషి. అలాంటివాణ్ణి తాగి బస్సు నడుపుతున్నాడని ఉద్యోగంలోంచి తీసేశారు. ఫిర్యాదు చేసిందెవరో చెప్పలేదు. ఆ చేసినవాళ్లు తమ పేరు బయట పెట్టవద్దని కాళ్లావేళ్లా పడ్డారట. డిపోలో విచారణ జరిపిన ఆఫీసరు అంతకుమించి నోరు విప్పలేదు.

ఆదికేశవులుకు మాత్రం అనుమానమే లేదు. అది తులసీరాం పనే.

తులసీరాం అతని బస్సులోనే కండక్టరు. చిన్ననాటి స్నేహితుడు. ఈ గొడవకు ముందు అదే ఘాటులో ఇంకో బస్సు బ్రేకులు పట్టక లోయలో పడింది. దాని డ్రైవరు వెంకటముని వీళ్ల వీధివాడే. ఆ శవాన్ని చూసి వచ్చినప్పటి నుంచి చెంగమ్మకు ముద్ద దిగలేదు. కొడుకు డ్యూటీకి పోతే తిరిగొచ్చేదాకా వాకిట్లోనే కూర్చునేది. ఒకరోజు డిపోకే పోయి, పిల్లోణ్ణి ఘాటు మీదికి పంపొద్దు, ఘాటు లేని పుత్తూరు బస్సుకు వేయండి అని వేడుకుంది. కుదరదన్నారు.

ఆ సంగతి తెలిసి, ఆదికేశవులు ఇంట్లో సంగటి తింటూ తులసీరాం పకపకా నవ్వాడు.

"దణ్ణాలు పెడితే వినేటోళ్లు గాదత్తా వాళ్లు. ఘాటు దిగేదానికి ఒకటే దోవ. డ్రైవరు తాగొస్తా ఉండాడని ఎవురన్నా ఒక మాట చెప్పాల. మర్నాడే పుత్తూరు బండికి ఏస్తారు. సల్లగా తోలుకోవచ్చు!"

"నీ నోట్లో మన్ను పడ. ముందు తినరా," అని ఆదికేశవులు కూడా నవ్వాడు.

చెంగమ్మ ఇద్దరికీ ఇంకాస్త పులుసు పోసింది.

కొద్ది రోజులకే ఎవరో ఆ మాట నిజంగానే చెప్పారు. పుత్తూరు బండి రాలేదు. ఏకంగా ఉద్యోగమే పోయింది.

ఆదికేశవులు తిన్నగా పోయి తులసీరాం చొక్కా పట్టుకున్నాడు.

"నవ్వతా చెప్పి, నవ్వతానే చేసినావు గదరా!"

"నా బిడ్డ మీద ఒట్టప్పా. నేను చెప్పలా."

"మరి ఇంకెవురికి తెలుసురా ఆ దోవ? ఆ పొద్దు నువ్వూ నేనూ తప్ప ఇంకెవురుండారాడ?"

తులసీరాం ఆ వీధిలోకి రావడమే మానేశాడు. "వాణ్ణి అనొద్దు నాయనా, వాడట్లాంటోడు గాదు," అని చెంగమ్మ ఏడ్చింది.

"నీకు అందురూ మంచోళ్లేలే మా," అన్నాడు కొడుకు.

కోర్టులో వాదన అంతా ఇంగ్లీషులోనే సాగింది. చెంగమ్మకు ఒక్క ముక్క అర్థం కాలేదు. జడ్జిగారు ఏదో గట్టిగా అడిగారు. డిపో తరపు లాయరు తల దించుకున్నాడు. అంతలోనే అయిపోయింది.

బయటికి రాగానే కృష్ణమూర్తి ఆదికేశవులు భుజం తట్టాడు.

"గెలిచినామప్పా! నిన్ను తీసేసిన ఆర్డరు కొట్టేసినారు."

తిరుపతి కొండ ఏ దిక్కున ఉందో తెలియక చెంగమ్మ ఆకాశానికే చేతులెత్తి మొక్కింది.

"అయితే విచారణ మళ్లీ చేయమన్నారు. ఆ ఫిర్యాదు చేసినోళ్లని నీకు ఎదురుగా నిలబెట్టాల. నువ్వు అడిగేదానికి వాళ్లు జవాబు చెప్పాల. ఇంక పేరు దాచేదానికి లేదు."

మొక్కిన చేతులు అలాగే ఉండిపోయాయి.

"వద్దు నాయనా," అంది చెంగమ్మ. "మనకీ ఉద్దోగమే వద్దు. టీ అంగడి పెట్టుకుందాం."

"గెలిచినా బయమేనా నీకు?" అన్నాడు ఆదికేశవులు. "వాడి మొహం నేను సూడాల మా. ఒకటే అడుగుతా. నేను నీకేం ద్రోహం చేసినానురా అని."

మళ్లీ విచారణ చిత్తూరు ఆఫీసులో పెట్టారు.

"నువ్వెందుకు మా, ఇంట్లో ఉండు," అన్నాడు ఆదికేశవులు.

"రావాల నాయనా."

బస్సులో వచ్చినంతసేపూ ఆమె కొడుకు చెయ్యి వదల్లేదు. వరండాలో బెంచీ మీద కూర్చున్నాక కూడా వదల్లేదు. ఆదికేశవులు గేటు వైపే చూస్తున్నాడు. తులసీరాం జాడ లేదు.

"మొహం చెల్లక యాడో దాక్కోని ఉంటాడు."

"వాణ్ణి ఒకసారి ఇంటికి పిల్చి కూడు పెట్టు కేశవా," అంది చెంగమ్మ.

"నీకేమన్నా మతి పోయిందా మా?"

లోపల గంట మోగింది. బంట్రోతు తలుపు తెరిచి, సాక్షి రావాలని కేకేశాడు.

చెంగమ్మ కొడుకు చేతిలోంచి తన చెయ్యి మెల్లగా విడిపించుకుని, బెంచీ మీంచి లేచింది.