దారం ముడి

ముసలాయన బ్యాటరీ తీగల కొసలు రెండూ నాలుక మీద పెట్టుకున్నాడు.

అమ్మాయి ఒక అడుగు వెనక్కి వేసింది.

ఆ చిన్న బ్యాటరీ ఆమె అప్పుడే కొన్నది. దుకాణదారు లోపలి గదిలోకి వెళ్లగానే, బెంచీ మీద మూటతో కూర్చున్న ఈ మనిషి బల్లంతా తడిమి దాన్ని అందుకున్నాడు.

నీడలో కూడా నల్లకళ్లద్దాలు. గడ్డం మీదికి చొంగ.

"ఇదీ ప్లస్," అన్నాడు చప్పరిస్తూ.

"అది నల్ల తీగ, తాతా."

"రంగుతో నాకేం పనమ్మా? పుల్లగా ఉంది. ఇదే ప్లస్."

"నోట్లో పెట్టుకోడానికి అదేమైనా పిప్పరమెంటా?"

ఆయన నవ్వాడు. ఆమె బ్యాటరీని రుమాలుతో పట్టుకుని, ముక్కు చిట్లించి బయటపడింది.

మంచం దిగలేని తల్లికి పిలుపు గంట చేస్తోందామె. కరెంటు ఉన్నా లేకపోయినా, కుట్టుమిషన్ల చప్పుడులోనూ పక్క గదిలో తనకు వినబడాలి. పోయిన వారం తల్లి పిలిచి పిలిచి, తడిసిన పక్కలోనే సాయంత్రం దాకా పడి ఉంది.

సోలార్ పలక, చార్జర్ బోర్డు ఇంట్లో ఉన్నాయి. బోర్డుకు తెల్ల దారం ముడి ఉంది. టార్చికైనా రేడియోకైనా ముడి ఉన్న బోర్డునే ఆమె ఆ దుకాణంలో అడిగి తెచ్చుకుంటుంది. అవి ఎన్నడూ మొరాయించలేదు.

తీగలను సబ్బుగుడ్డతో మూడుసార్లు తుడిచింది. అయినా ఎంగిలి వాసన పోయినట్టు లేదు.

ఎర్ర తీగ బోర్డు మీది ప్లస్‌కి, నల్ల తీగ మైనస్‌కి కలిపింది.

బోర్డు చిటపటమంది. పొగ వచ్చింది.

ఆ రోజు కూడా తల్లి పిలుపు వినబడలేదు. పక్క మారుస్తూ ఆమె ఊపిరి బిగపట్టింది. తల్లి గోడవైపు తిరిగి, "నామీద నాకే రోత పుడుతోందే," అంది.

మర్నాడు మాడిన బోర్డును, బ్యాటరీని దుకాణదారు ముందు పడేసింది.

ఆయన బ్యాటరీకి మీటరు పెట్టి చూసి నిట్టూర్చాడు. తయారీలోనే తీగల రంగులు తారుమారయ్యాయన్నాడు.

"నిన్న పెద్దాయన చెప్పలేదా?"

"ఆ చొంగ మనిషా? ఆయన మాటెవరు వింటారు! ముడి ఉన్న బోర్డు ఇంకొకటివ్వండి."

"ఇక రావమ్మా అవి. నిన్న సాయంత్రం బండికి కూతురి ఊరెళ్లిపోయాడు."

"ఎవరు?"

"బ్యాటరీ పేలి కళ్లు పోయిన దగ్గర్నుంచీ, ఒక్కో బోర్డునీ నాలుకతో చూసి ఆ దారం ముడి వేసింది ఆయనేనమ్మా."