పదకొండు సెకన్ల నవ్వు

“ఇంత పొడుగు రాస్తే ఎవరు చదువుతారు నోలీన్?” అంది బ్రైడీ, మౌస్ తిప్పుతూ. “లాగేకొద్దీ పేజీ వస్తూనే ఉంది. అడుగు కనపడదే!”

నోలీన్ పాస్కో కళ్ళు నులుముకుంది. తెల్లారక ముందు నుంచీ బేకరీలో మాంసం కూరిన పేస్టీల అంచులు మడిచి మడిచి ఆమె వేళ్ళు కొయ్యబారిపోయాయి. కూర్చుంటే చాలు కళ్ళు మూతలు పడుతున్నాయి. అయినా ప్రతి మంగళవారం మధ్యాహ్నం వాలరూ ఊరి లైబ్రరీకి వస్తుంది. పెద్దవాళ్ళకి కంప్యూటర్ నేర్పే బ్రైడీ పక్కన కూర్చుని, తొమ్మిదేళ్ళుగా నడుపుతున్న బ్లాగు తెరుస్తుంది. దాని పేరు ‘జారెడ్ ఎక్కడ?’

జారెడ్ ఆమె ఒక్కగానొక్క కొడుకు. ఇరవై రెండో ఏట, ఒక ఆదివారం చేపలు పట్టడానికని వెళ్ళి తిరిగి రాలేదు. వాళ్ళ నాన్న బండి జెట్టీ దగ్గర దొరికింది, తాళంచెవి సీటు మీదే ఉంది. గాలం లేదు, మనిషీ లేడు. వారం రోజులు పడవల్లో గాలించారు. సముద్రం తీసుకుపోయిందన్నారు ఊళ్ళో అందరూ. తండ్రి మెర్వ్ కూడా అదే మాట అనేవాడు, మూడేళ్ళ క్రితం గుండె ఆగి తను పోయేదాకా. నోలీన్ ఒక్కతే ఒప్పుకోలేదు. శవం దొరకలేదు కదా.

“నెలకి ఎంతమంది చూస్తున్నారు?” అడిగింది బ్రైడీ.

“పద్నాలుగు.”

“అందులో మీరు ఎన్నిసార్లు?”

“పది ఉంటాయేమో.”

బ్రైడీ నవ్వబోయి ఆగింది. “ఇలా చేద్దాం. రాత నాలుగు పేరాలకి కుదించండి. పైన ఫోటో. బండి దొరికిన చోటుకి మ్యాప్. వాటి మధ్య కదిలేదో, వినపడేదో ఒకటి ఉండాలి. ఫోటోలో ఉన్నవాడు ఎవరో పరాయివాడు నోలీన్. గొంతు వింటే మనవాడైపోతాడు. వీడియో ఏమైనా ఉందా?”

ఉంది. ఇన్నేళ్ళూ ఎవరికీ చూపించలేదు. పాత ఫోన్లోంచి తీసి దాచుకున్నది, ఇరవై ఒకటో పుట్టినరోజుది, రెండు నిమిషాలు. నోలీన్ చేతిసంచీలోంచి చిన్న పెన్‌డ్రైవ్ తీసి బల్ల మీద పెట్టింది. పెట్టాక కూడా కాసేపు దాని మీంచి చెయ్యి తీయలేదు.

తెర మీద కొవ్వొత్తుల వెనక ఒక సన్నటి కుర్రాడు. ఎవరో ఏదో అన్నారు. వాడు తల వెనక్కి వాల్చి, మధ్యలో ఊపిరందక ఎక్కిళ్ళు పెడుతూ పగలబడి నవ్వాడు.

“అబ్బ, ఏం నవ్వండీ!” అంది బ్రైడీ.

అంతలో వీడియోలోంచి మగగొంతు అరిచింది. “చాల్లే ఇకిలింపు! ఇరవయ్యొకటి వచ్చినా ఆడపిల్లలా... నోర్మూసుకుని కేకు కోయ్!” ఏదో గోడకి తగిలి పగిలింది. బొమ్మ ఊగిపోయింది. ఆ తర్వాత ఫోన్ పట్టుకున్నవాళ్ళ గొంతు, మెత్తగా. “పోనీలే జారెడ్. నాన్నకి ఎదురు చెప్పకు. తలొంచుకుని కోసెయ్.”

బ్రైడీ వీడియో ఆపింది. “ఆ చివర మీ గొంతే కదా?” అంది. “నాన్న అరుపులు తీసేసి మీ మాట ఉంచుదామా? అమ్మ గొంతు వింటే జనం కరిగిపోతారు.”

“వద్దు,” అంది నోలీన్. “నవ్వు చాలు.”

“పదకొండు సెకన్లే వస్తుంది మరి.”

“చాలన్నాను కదా తల్లీ.”

బ్రైడీ అంతవరకే కత్తిరించింది.

శుక్రవారానికి ఆరువేలమంది ఆ నవ్వు విన్నారు. తర్వాతి మంగళవారానికి నలభై వేలు. డార్విన్‌ నగరంలో చూశానని ఒకరు రాశారు. నీళ్ళ అడుగున ఉన్నాడని నాకు కల వచ్చిందని ఇంకొకరు. నోలీన్ బేకరీ నుంచి వచ్చి, బూట్లు కూడా విప్పకుండా ఒక్కొక్కరికీ జవాబు రాసేది. రాస్తూ రాస్తూ కుర్చీలోనే కునికేది. ‘వాడికి అల్లం బిస్కెట్లంటే ప్రాణం. నన్ను వదిలి ఒక్క పూట ఉండలేడు’ అని అందరికీ అదే రాసేది.

శనివారం పొద్దున పెరట్లో బట్టలు ఆరేస్తుంటే ఫోన్ మోగింది.

“బ్లాగులో నంబర్ చూసి చేస్తున్నానండీ. నా పేరు కీరా. టాస్మేనియా నుంచి, బర్నీలో ఉంటాం.” పడుచు గొంతు, తడబడుతోంది. “ఫోటో చూసి నేను పోల్చుకోలేదు. మా ఆయనకిప్పుడు గడ్డం, పేరు కూడా అది కాదు. కానీ నిన్న నేను ఆ వీడియో పెట్టగానే మా పాప పక్క గదిలోంచి పరిగెత్తుకొచ్చింది. ‘నాన్న నవ్వుతున్నాడు, నాన్నేడీ’ అంటూ.”

నోలీన్ చేతిలోని తడి దుప్పటి జారి గడ్డిలో పడింది. “బతికే ఉన్నాడా?”

“ఉన్నారు. బాగున్నారు. పనికి వెళ్ళారు.”

“పాపా? వాడికి పాపా?” నోలీన్ గట్టు మీద కూలబడింది. ఏడుస్తోందో నవ్వుతోందో ఆమెకే తెలియలేదు. “ఎన్నేళ్ళమ్మా? ఏదీ, మాట్లాడించు. ఏ దెబ్బ తగిలి అన్నీ మరిచిపోయాడో నా తండ్రి! వాడికి చెప్పు, నేనిక్కడే ఉన్నాను, అదే ఇంట్లో.”

అవతల తలుపు వేసిన చప్పుడు వినపడింది.

“ఆయన ఏమీ మరిచిపోలేదండీ. వాలరూ గురించి చెబుతూనే ఉంటారు, జెట్టీ గురించి, అల్లం బిస్కెట్ల గురించి. అందుకే అడగాలని చేశాను. ఇంతకీ మీరెవరు?”

“నేనా? వాడి అమ్మని!”

“మీరు చనిపోయారని ఆయనే చెప్పారండీ.”