అల్లుడుగారి చేతివంట

“ఏమండీ, కాడలన్నీ చెత్తబుట్టలో పడేశారేంటి?”

భార్య అలా అడిగేసరికి అతని చేతిలో చాకు ఆగిపోయింది. పొద్దున మార్కెట్లో ఆమే ముచ్చటపడి కొన్న బ్రోకలినీ అనే సీమకూర కట్టలవి. సన్నటి లేత కాడలు, కొసన చిట్టిచిట్టి ఆకుపచ్చ మొగ్గల గుత్తులు. ఇప్పుడు పళ్ళెంలో గుప్పెడు గుత్తులున్నాయి, బుట్ట నిండా కాడలున్నాయి.

“పెద్ద హోటళ్ళలో కాడలు ఎవరూ తినరు,” అన్నాడు గంభీరంగా.

అదొక్కటి మాత్రం నిజమే. అతను పనిచేసే హోటల్లో ఎంగిలి పళ్ళాల్లో రోజూ మిగిలొచ్చేవి ఆ కాడలే. అతనక్కడ అంట్లు తోముతాడు. ఆ సంగతి ఇంట్లో తెలియదు.

పెళ్ళికి ముందు, పరిచయమైన కొత్తల్లో, “మా నాన్న పెద్ద హోటల్లో వంటవారు” అని ఆమె గొప్పగా చెప్పుకుంటే ఇతగాడి నోరు ఊరుకోలేదు. “నేనూ అంతే” అనేశాడు. పోయిన తండ్రి మాటెత్తితే చాలు, ఆమె మొహం వెలిగిపోతుంది. తనని చూసినా అలా వెలగాలని ఆశపడ్డాడు పాపం. ఇంట్లో గరిటె పట్టకుండా తప్పించుకోడానికి పెద్ద తిప్పలేమీ పడలేదు. “మా నాన్నా అంతేనండీ, ఇంట్లో పొయ్యి ముట్టేవారే కాదు. రోజంతా అక్కడ వండివండి విసుగొస్తుంది కదా!” అని ఆమే సర్దిచెప్పేది.

ఇవాళ అత్తగారు వచ్చారు. ఇక ఏ సాకూ పనిచేయలేదు.

“అమ్మా, నువ్వలా కూర్చో. అల్లుడి చేతివంట తిన్నావంటే నాన్నని మించిన వంటవాడంటావు చూడు!”

అత్తగారు నవ్వి ఊరుకున్నారు.

బాణలిలో నూనె కాగింది, వెల్లుల్లి వేశాడు. కడిగిన గుత్తులు తడి ఆరకుండానే పడేసేసరికి నూనె చిటపటమంటూ మొహం మీదకి ఎగిరింది. మంట తగ్గించబోయి పెంచాడు. వెల్లుల్లి బొగ్గయింది. కంగారులో గ్లాసెడు నీళ్ళు గుమ్మరించాడు, గుత్తులు ఉడికుడికి గుజ్జయ్యాయి. ఉప్పు వేశానో లేదోనని మళ్ళీ వేశాడు. కూర సంగతి దేవుడెరుగు, బాణలి నిలువునా మాడిపోయింది.

భార్య ఒక ముద్ద నోట్లో పెట్టుకుని వెంటనే మంచినీళ్ళు అందుకుంది.

“అదేంటండీ... మా నాన్నయితే...” అని ఆగిపోయింది.

తిట్టినా బాగుండేది. అతనికి తల కొట్టేసినట్టయింది. అత్తగారు మాత్రం పళ్ళెంలో ఉన్నదంతా తినేశారు. దాంతో ఇంకా చచ్చిపోయాడు.

“సర్లెండి, కింద బేకరీలో ఏమైనా తెస్తాను,” అని భార్య మొహం చిన్నబుచ్చుకుని వెళ్ళింది.

అతను బాణలి పట్టుకుని వంటింట్లోకి పారిపోయాడు. వేణ్ణీళ్ళు పోసి, ఉప్పు చల్లి, కాసేపు నాననిచ్చి నాలుగు రుద్దులు రుద్దేసరికి మాడంతా ఊడొచ్చింది. బాణలి కొత్తదానిలా మెరిసింది.

వెనక్కి తిరిగితే గుమ్మంలో అత్తగారు.

“ఎప్పట్నుంచి తోముతున్నారు బాబూ?”

బొంకుదామనుకున్నాడు. బాణలి కింద పెట్టేశాడు.

“పెళ్ళికి ముందునుంచేనండీ,” అన్నాడు తలెత్తకుండా. “సిగ్గుతో చచ్చిపోతున్నాను అత్తయ్యగారూ. మామగారిలాంటి మనిషిని చూసి పెరిగిన పిల్లకి నేనెక్కడ! తను రాగానే అంతా చెప్పేస్తాను.”

“ఆగండి. ముందు నేను చెప్పాలి.”

అతను కంగారుపడ్డాడు. తడి చేతులే జోడించాడు.

“మీకు దణ్ణం పెడతాను, మీరొద్దండీ. నా తప్పు నన్నే చెప్పుకోనివ్వండి.”

అత్తగారు ఆ చేతులు పట్టుకుని కిందకి దించారు. సబ్బునీళ్ళకి పగిలిన వేళ్ళని మెల్లగా తడిమారు. ఆవిడా తలెత్తలేదు.

“మీ సంగతి కాదు బాబూ. మీ మామగారూ బతికినన్నాళ్ళూ అంట్లే తోమారు.”