ట్యాంకులో గాలి

యాప్రాల్‌లో పంక్చర్ షాపు నడిపే యేసురాజుకు టైర్లకు గాలి కొట్టే కొత్త కంప్రెసర్ కొనే రాత ఎక్కడిది? సెకండ్‌హ్యాండ్‌ది దొరికింది. ట్రాలీ ఆటోవాడు దాన్ని పడుకోబెట్టి తెచ్చాడు. అలా తెచ్చినదాన్ని రాత్రంతా నిలబెట్టి ఉంచాలి. ఆయిల్ కిందికి దిగకముందే స్విచ్ వేస్తే పిస్టన్ పట్టేస్తుంది.

"కొత్త పెళ్లికూతురా ఏందయ్యా, గట్ల చూస్తున్నవ్? పొద్దున చూసుకోరాదు?" షాపులోనే అడ్డంగా కట్టిన తెర సందులోంచి చూస్తూ, మంచం మీంచి భార్య మేబెల్ అంది.

"నువ్ పండుకో. ట్యాంకుల నీళ్లు తీసి వస్త."

కాసేపటికి మేబెల్ గురక మొదలైంది. అతను కంప్రెసర్ ట్యాంకు అడుగున వాల్వు తిప్పాడు. తుప్పు నీళ్లు కారాయి, తర్వాత గాలి వచ్చింది. ట్యాంకులో గాలెంతుందో చూపే మీటరు ముల్లు సున్నా మీదే ఉంది. గాలి మాత్రం వస్తూ, ఆగుతూ, మళ్లీ వస్తోంది. వేలికి వెచ్చగా తగిలింది.

ఇదేం విడ్డూరమని రంధ్రానికి బొటనవేలు అడ్డుపెట్టాడు. తెర వెనక గురక ఆగిపోయింది. వేలు తీశాడు. గురక మళ్లీ అందుకుంది. తన భ్రమేమోనని ఇంకోసారి మూశాడు. ఈసారి మంచం కిర్రుమంది. మేబెల్ కాళ్లు టపటపా కొట్టుకున్నాయి. గబుక్కున వేలు తీసేశాడు.

"మేబెలూ! లే!" వెళ్లి కుదిపాడు. ఆమె లేవలేదు. గురక సన్నబడుతోంది. పరుగున వచ్చి వాల్వు దగ్గర చెయ్యి పెట్టాడు. అక్కడా గాలి సన్నబడుతోంది.

ట్యాంకు నింపాలంటే మోటారు వెయ్యాలి. ఆయిల్ చూసే అద్దంలో ఇంకా చుక్క కనిపించడం లేదు. యేసురాజు స్విచ్ మీద వేలు పెట్టి, తర్వాతి గాలి కోసం చెవి ఒగ్గాడు.